పసుపు పూసిన వేటకత్తి

చీకటి పలచబడుతుండగానే లేచి, ఏట్లో మూడు మునకలు వేసి, తడిగుడ్డతోనే ఇంటికొచ్చి, చిట్టియ్య ముందుగా దేవుడి గూటి దగ్గరకు వెళ్ళేవాడు. గూట్లో తలుపులమ్మ తల్లి పేరున పెట్టుకున్న నున్నటి రాయి ఒకటి, దాని పక్కన తోలు ఒరలో ఒక వేటకత్తి ఉండేవి. రాయికి పసుపు రాసి, అదే చేత్తో కత్తి పిడికీ ఒరకీ రాసేవాడు. కుంకుమ బొట్టు పెట్టేవాడు. చెంబులోంచి నాలుగు చుక్కలు చల్లి, చేతులు జోడించి, "తల్లీ, నీ చల్లని చూపు" అనేవాడు. ఆ తరువాతే గంజి.

ఆరేళ్ళుగా ఒక్కనాడు తప్పలేదు. ఒళ్ళు కాలే జ్వరంలో కూడా గోడ పట్టుకుని లేచి ఆ నాలుగు చుక్కలూ చల్లాడు.

"రాయి అమ్మవారు, సరే. కత్తి ఎవరయ్యా? అమ్మవారి మరిదా?" అనేది భార్య అప్పాయమ్మ, పొయ్యి ఊదుతూ.

"నోరు మూసుకోవే, కళ్ళు పోతాయి."

"ఈ పొగకి నా కళ్ళు ఎప్పుడో పోయాయి. కాస్త ఆ కత్తితో రెండు పుల్లలు చీల్చిపెట్టరాదూ?"

చిట్టియ్య వినిపించుకునేవాడు కాదు.

తునికి కోసెడు దూరంలో, తాండవ ఏటి ఒడ్డున వాళ్ళ పల్లె. కొండలు దగ్గర కావడం చేత, దుంప వేసినా చెరుకు వేసినా అడవిపందులు దిగేవి. చిట్టియ్య వయసులో ఉండగా అతను లేనిదే వేటకుక్కలు కూడా ఊరు దాటేవి కావు. తొమ్మిదేళ్ళ కిందట, రైలు కట్ట కోసం కొలతలు వేయడానికి వచ్చిన దొర ఒకడు సరదాపడి వాళ్ళతో వేటకు వచ్చాడు. దెబ్బ తిన్న పంది పొదలోంచి దొర మీదికి దూకితే, చిట్టియ్య అడ్డం వెళ్ళి బల్లెంతో దాన్ని నేలకు గుచ్చాడు. దొర నడుముకున్న తోలు పట్టీ విప్పి, ఒరతో సహా తన కత్తిని ఇతని చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

జానెడు కత్తి. మడిచేది కాదు, ఉక్కు దుప్పికొమ్ము పిడి చివరిదాకా దిగి ఉంటుంది. పిడికి దగ్గరగా దొరల సీమ అక్షరాలేవో చెక్కి ఉన్నాయి.

మొదటి మూడేళ్ళూ అది పని చేసిన కత్తి. వేట పడితే పాళ్ళు వేసేది దానితోనే. మొదటి దెబ్బ వేసినవాడికి ఇంత, పంట పోయిన రైతుకు ఇంత, కుక్కలకు ఇంత అని లెక్క ఉండేది. వీటన్నిటికంటే ముందు, ఊళ్ళో ఎవరైనా మంచాన పడి ఉంటే ఆ ఇంటికని మెత్తటి ముక్క ఒకటి కోసి ఆకులో చుట్టి పక్కన పెట్టేవాడు. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. ఎందుకని కూడా ఎవరూ అడగలేదు. పాళ్ళ దగ్గర గొడవపడని ఊరు ఆ చుట్టుపట్ల అదొక్కటే. "చిట్టియ్య కత్తికి చుట్టమూ లేడు, పగవాడూ లేడు" అనేవారు.

అలాంటి కత్తి గూడెక్కడానికి కారణం ఒక మాట. జమీందారుగారి కోటలో ఒక గది నిండా ఆయుధాలు ఉండేవి. వాటిని చూసుకునే గుమాస్తా అచ్చిబాబుగారు ఏదో పనిమీద పల్లెకు వచ్చి, చిట్టియ్య నడుమున కత్తి చూశాడు. తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"ఓరి వెర్రివాడా! దీంతో పంది కోస్తున్నావా? ఇలాంటిది మా కోటలోనే లేదురా. ఈ అక్షరాలు చూశావూ? సీమలో చేసినవాడి పేరు. ఇది చెక్కుచెదరకుండా దాచు. అద్దాల బీరువా చేయిస్తున్నారు, అందులో పెట్టిస్తాను. కింద పలక మీద 'వేటగాడు చిట్టియ్య కత్తి' అని రాయిస్తాను. నువ్వు పోయినా నీ పేరుంటుంది. అందాకా ఒరలోంచి తీయకు. చెమట చెయ్యి తగిలితే మచ్చ పడుతుంది."

అచ్చిబాబుగారు ఆ మాట అని గుర్రమెక్కి వెళ్ళిపోయాడు. చిట్టియ్యకు మాత్రం అది గుండెలో దిగింది. అతనికి పిల్లలు లేరు. ఇద్దరు పుట్టి, పేరు పెట్టేలోపే కన్నుమూశారు. తన తరువాత తన పేరు తలుచుకునే నోరు ఒక్కటీ ఉండదన్న దిగులు అప్పాయమ్మతో కూడా ఎప్పుడూ అనలేదు. చదవడం రాకపోయినా ఆ పలకను మనసులో ఎన్నిసార్లు చూసుకున్నాడో తలుపులమ్మ తల్లికే తెలియాలి. ఆ రోజు నుంచి కత్తి బయటికి రాలేదు. పాళ్ళు బుల్లబ్బాయి అనే మరో వేటగాడు వేయసాగాడు. అతని చేత్తో వేసిన పాళ్ళ దగ్గర మాటా మాటా పెరిగేది. చిట్టియ్య విని ఊరుకునేవాడు.

ఆరేళ్ళకు, శ్రావణంలో, కోట నుంచి కబురొచ్చింది. బీరువా తయారైంది, దసరాకు కత్తి తీసుకెళ్తారని.

ఆ నెలలోనే ఏరు పొంగింది.

పక్కింటి బుల్లెమ్మ పెనిమిటి రాజమండ్రిలో గోదావరి మీద కడుతున్న రైలు వంతెన పనికి వెళ్ళాడు. ఇంట్లో ఇద్దరు పసివాళ్ళు, ఒక్క పాలగేదె. ఆ గేదె వల్లే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. అయినా పొద్దుటే చల్ల చిలికి, తన పిల్లలకు పోయకముందే ఒక ముంత మజ్జిగ అప్పాయమ్మ గడప మీద పెట్టి వెళ్ళేది. పిలిచేది కాదు, చప్పుడు చేసేది కాదు.

ఆ మధ్యాహ్నం ఊళ్ళో ఎండ కాస్తోంది. కొండల్లో మాత్రం నల్లగా కమ్ముకుంది. నీళ్ళు చెప్పకుండా వచ్చాయి.

"బాబాయ్! గేదె పోతోంది, బాబాయ్!" బుల్లెమ్మ కేక.

చిట్టియ్య గుమ్మంలోంచి చూశాడు. రేవులో తాటిమొద్దుకు కట్టిన గేదెను వరద కిందికి తోస్తోంది. తోసినకొద్దీ తాడు బిగిసి దాని తలను నీళ్ళలోకి గుంజుతోంది. ముట్టె ఒక్కటే పైకి వచ్చి పోతోంది. తడిసి బిగిసిన ముడి ఇక విడదు, తాడు కోయాల్సిందే. కత్తి గుర్తొచ్చింది. దసరా ఇంకా రెండు నెలలే కదా, మచ్చ పడితే ఎలా అని కూడా ఒక్క ఊపిరి సేపు అనుకున్నాడు. వెంటనే సిగ్గుపడి, గూట్లోంచి కత్తి లాక్కుని పరుగెత్తాడు.

నడుములోతు నీళ్ళలో నిలబడి పిడి పట్టి లాగాడు. రాలేదు. ఒరను పళ్ళతో కరిచిపట్టి రెండు చేతులా లాగాడు. ఒరలోని తోలు పీలికలుగా ఊడి కత్తితో పాటే వచ్చింది. కత్తి నిలువునా తుప్పు పట్టి, ఎర్రమన్ను అంటిన కడ్డీలా ఉంది. దాన్ని తాడు మీద పెట్టి గీశాడు, రుద్దాడు, రంపంలా లాగాడు. ఒక్క పోగు తెగలేదు.

"తప్పుకోవయ్యా!"

గట్టు మీద గడ్డి కోస్తున్న అప్పాయమ్మ చేతిలోని కొడవలితోనే నీళ్ళలోకి దూకింది. అరిగి అరిగి విదియ చంద్రుడిలా మిగిలిన కొడవలి అది. రెండు లాగులకు తాడు తెగింది. గేదె ఒకసారి మునిగి, లేచి, వంపు దగ్గర ఇసుకలోకి ఎక్కి, ఏమీ ఎరగనట్టు చెవులు విదిల్చింది.

అప్పటికి ఒడ్డున ఊరంతా చేరింది. "దొర కత్తి ఏం కోసింది మావా? నీళ్ళనా?" అన్నాడు బుల్లబ్బాయి. అందరూ నవ్వారు.

బుల్లెమ్మ గిర్రున తిరిగింది. "నవ్వండి, నవ్వండి! నా గేదె కోసం దేవుడి గూట్లోది తీసుకుని దూకాడు మా బాబాయ్. మీలో కాళ్ళు తడిసినోడు ఒక్కడున్నాడా?"

నవ్వు చిట్టియ్యను అంతగా బాధపెట్టలేదు. ఈ మాటే తట్టుకోలేకపోయాడు. గుమ్మంలో తాను ఆగిన ఆ ఒక్క ఊపిరి సంగతి ఆమెకు తెలియదు.

మర్నాడు కమ్మరి అప్పలాచారి కొలిమికి వెళ్ళి కత్తి ముందు పెట్టాడు. ఆచారి గోటితో గీకి చూశాడు.

"నీళ్ళు పోశావా?"

"పొయ్యలేదు ఆచారీ. రోజూ నాలుగు చుక్కలు, భక్తికి."

"ఆరేళ్ళ పాటు నాలుగేసి చుక్కలు తోలు తాగింది, తాగిందంతా ఉక్కుకు పట్టించింది. దీనికి నూనెగుడ్డ కావాలి గానీ దణ్ణం ఎందుకయ్యా? రోజూ తీసి వాడుకుని ఉంటే ఇంత అయ్యేది కాదు."

"తల్లికి కోపం వచ్చిందంటావా?"

"తల్లికెందుకు కోపం? రాయికి పెట్టిన పసుపు ఆవిడకు చేరే ఉంటుంది." ఆచారి కత్తిని వెలుగుకు పట్టాడు. "లోపల మంచి ఉక్కుంది. సానబడితే పది ఇళ్ళకు పనికొస్తుంది. కానీ పైపొరంతా పోవాలి, ఈ అక్షరాలూ పోతాయి. వద్దంటావా, పైపైన తుడిచి ఇస్తాను. అక్షరాలుంటాయి, అద్దాల వెనక ఎవరూ పోల్చుకోలేరు. వంకాయ కూడా తెగదు, అంతే. ఎలా చెయ్యమంటావ్?"

చిట్టియ్య తిత్తుల పక్కన గొంతుక్కూచున్నాడు. పలక మీద తన పేరు కళ్ళముందు కదిలింది. ఈ ఆరేళ్ళలో ఊళ్ళో ఎంతమంది మంచాన పడి లేచారో, ఎంతమంది లేవకుండానే పోయారో లెక్క వేసుకున్నాడు. వాళ్ళలో ఒక్కరింటికీ ఆకులో చుట్టిన ముక్క వెళ్ళలేదు. బుల్లబ్బాయి చెడ్డవాడు కాదు, అతనికి తోచలేదు. తోచినవాడు కత్తిని గూట్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"సానబట్టెయ్, ఆచారీ."

"అక్షరాలు పోతాయి మరి."

"నాకెలాగూ చదవడం రాదుగా!" అన్నాడు చిట్టియ్య. కత్తి అందుకుని ఆ అక్షరాల మీద ఒకసారి బొటనవేలు రాసి, తిరిగిచ్చాడు.

ఆచారి చేయి ఆపి, తన తాగేనీళ్ళ ముంత అతని ముందుకు జరిపి, అప్పుడు సాన తిప్పాడు.

దసరాకు అచ్చిబాబుగారు వచ్చాడు. సన్నబడి మెరుస్తున్న కత్తిని చూసి, అక్షరాలు ఉండాల్సిన చోట వేలితో తడిమి, "పాడుచేసుకున్నావురా, నీ ఖర్మ!" అన్నాడు. "చిత్తమండి" అన్నాడు చిట్టియ్య. గుర్రం వెళ్ళిన దుమ్ము అణిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. ఇంట్లోకి వచ్చి, కత్తిని పొడిగుడ్డతో తుడిచాడు. నూనె రాశాడు. మళ్ళీ తుడిచాడు. వెలుగులో తిప్పి చూసుకున్నాడు. ఎంత బాగుంది! తెలియకుండానే కాళ్ళు గూటి ముందుకు నడిచాయి. కత్తిని గూట్లో పెట్టడానికి చెయ్యి లేచింది కూడా.

ఆ చేతిని చూసి తనే జడుసుకున్నాడు. గిరుక్కున తిరిగి బుల్లెమ్మ వాకిట్లోకి వెళ్ళాడు.

"అమ్మాయ్, నాకో సాయం చేసిపెట్టాలి."

"అదేంటి బాబాయ్, అడగాలా? చెప్పు."

"ఇది నీ ఇంట్లో ఉంచు. చూరులో గుచ్చిపెట్టు. తాడు కొయ్యాలన్నా, తాటిమట్ట చీల్చాలన్నా, ఎవరొచ్చి అడిగినా ఇచ్చెయ్. నా చెవిన వెయ్యక్కర్లేదు. వేట పడితే మాత్రం పిలు, పాళ్ళు నేనొచ్చి వేస్తాను."

"ఓస్, ఇంతేనా?"

"ఇంకొకటుంది. ఎప్పుడో నేనే వస్తాను. ఊరికే చూసుకుని ఇచ్చేస్తానే, ఒక్క పూట ఇంట్లో ఉంచుకుంటానే అంటాను. ముసలాణ్ణి, బతిమాలతాను కూడా. నీ కాళ్ళు పట్టుకున్నా సరే, అమ్మాయ్, అప్పుడు మాత్రం నాకివ్వకు."