డైమన్లంటే ఆఠీన్లు

అక్కమ్మ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఉన్నమాటే చెప్పి బతికిన మనిషి. సొంతూరు తుంబలహళ్లిలో టమాటాలు కొనడానికి వచ్చిన వ్యాపారికి, "అడుగునవి కొంచెం నలిగినాయి, చూసుకో" అని తానే బుట్ట కుమ్మరించి చూపే రకం. అలాంటి మనిషికి బ్రిడ్జి పేకాట నేర్పాలని కోడలు సుగన్యకు బుద్ధి పుట్టింది!

అక్కమ్మ ధర్మపురిలో కొడుకింటికి వచ్చి ఏడాదైంది. సుగన్య కాలేజీలో పాఠాలు చెబుతుంది. పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం, వచ్చాక వంట, ఫోను. ఆదివారం మధ్యాహ్నం మాత్రం పక్కింటి దొరైసామి, ఆయన భార్య తిలగవతి పేక పట్టుకుని వస్తారు. కొడుకు జయప్రకాశ్‌కు ముక్కలు చూస్తే ఆవులింతలు. అందుకని కోడలికి జతగా అక్కమ్మ కూర్చుంది. వారమంతటిలో కోడలు ఆమె మొహంలోకి చూసేది ఆ కాసేపే. ఆ కుర్చీ కోసమే ఆదివారం ఎప్పుడొస్తుందా అని అక్కమ్మ ఎదురుచూసేది.

ముక్క వేయడం, పట్టు కొట్టడం తొందరగానే వచ్చాయి. ఎన్ని పట్లు కొడతామో ముందే పోటీపడి చెప్పుకునే పాట దగ్గరే తల తిరిగిపోయింది. పెద్ద ముక్కలు పడి చేయి బలంగా ఉండి, తను తురుపు లేని ఆటకు "ఒక నో ట్రంప్" అంటే, కోడలు "రెండు కళావర్లు" అంటుంది. అది కళావర్లున్నాయని కాదట, నీ దగ్గర నాలుగు ఆఠీన్లో ఇస్పేట్లో ఉన్నాయా అని అడగడమట. "రెండు డైమన్లు" అంటే కోడలి దగ్గర ఆఠీన్లున్నాయని, వాటి పేరు అత్త చెప్పాలని!

"ఉండేది ఆఠీన్లయితే ఆఠీన్లనే చెప్పొచ్చు కదమ్మా?"

"పేరు మీరు చెప్తే ఆట మీదవుతుంది అత్తా. బలమైన చెయ్యి వాళ్లకి కనపడకుండా ఉంటుంది."

అక్కమ్మ తలూపింది గానీ ఒక్క ముక్కా ఎక్కలేదు. ఆ ఆదివారం కోడలు "రెండు డైమన్లు" అనగానే, పాపం పిల్లకు డైమన్లున్నాయి కాబోలని "పాస్" అనేసింది. తీరా చూస్తే ఇద్దరికీ కలిపి ఐదే డైమన్లు. చిత్తుగా ఓడిపోయారు. తిలగవతి నవ్వుతూ, మా చెల్లెలు మణిమేగలై బాగా ఆడుతుంది, కావాలంటే సుగన్యకు జతగా పిలుస్తానంది. సుగన్య తలొంచుకుని ముక్కలు కలిపింది. ఇక తన కుర్చీ పోయినట్టే అనుకుంది అక్కమ్మ.

వారమంతా చిక్కుడుకాయలు ఒలుస్తూ, బట్టలు ఆరేస్తూ అదే జపం. డైమన్లంటే ఆఠీన్లు, ఆఠీన్లంటే ఇస్పేట్లు. పైకి ఒకటంటే లోపల ఇంకొకటి. చివరికి ఎక్కింది.

శనివారం సుగన్య వచ్చి పక్కన కూర్చుంది. "అత్తా, మోకాళ్లు నొప్పంటిరి కదా. రేపు కొంచెం పడుకుంటారా?"

అక్కమ్మ ఆగి ఆలోచించింది. మోకాళ్లంటే మోకాళ్లు కాదు. అసలు సంగతి తన నోటి వెంటే రావాలని కోడలి ఎత్తు. ఈసారి తప్పకూడదు.

"సరేలేమ్మా. మణిమేగలైని కూర్చోబెట్టుకో. నేను తప్పుకున్నాను."

సుగన్య బిత్తరపోయింది. అత్త కళ్లనిండా నీళ్లు. సంగతంతా రాబట్టేసరికి ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"అయ్యో అత్తా, నేను అడిగింది మోకాళ్ల గురించే! నో ట్రంప్ అన్నాక కదా ఆ తిరకాసంతా. ఇంట్లో ఎవరన్నారు నో ట్రంప్?"

"అయితే రేపు నేను కూర్చోవచ్చునా?"

"మీరు లేకపోతే నాకు ఆట ఎందుకు?"

అక్కమ్మ ఆ మాటను ఇటు తిప్పి, అటు తిప్పి చూసుకుంది. లోపల ఇంకొకటుందో లేదో తేలలేదు.

"ఇది ఉన్నమాటేనా తల్లీ?" అని అడిగింది.

"ఉన్నమాటే అత్తా," అంది సుగన్య, ఆమె మొహంలోకి చూస్తూ.