ఎనిమిది డబ్బాలు, ఒక్క మనిషి

పదకొండేళ్లుగా నాలో ఒక సంఖ్య కూర్చుని ఉంది. ఎనిమిది. దాన్ని ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి నాకెవరున్నారు అని ఇప్పుడు అనవచ్చు, అది సాకు. నా భార్య బతికి ఉన్న రోజుల్లోనూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందువల్లే మీకు చెప్పగలుగుతున్నాననుకుంటాను.

గచ్చిబౌలిలో నాకొక చిన్న వైద్యపరీక్షల కేంద్రం ఉండేది. ఆ చుట్టుపక్కల ఐటీ కార్యాలయాల్లో క్యాంటీన్లు నడిపేవారు తమ పనివాళ్లకు ఆరు నెలలకోసారి నా దగ్గర మలపరీక్ష చేయించేవారు. ఎందుకంటే, ఒకరి కడుపులో బద్దెపురుగు ఉంటే, దాని గుడ్లు సరిగా కడుక్కోని చేతుల మీదుగా పచ్చి కూరగాయ ముక్కల్లో చేరతాయి. అవి తిన్నవారి మెదడులో తిత్తులు కట్టవచ్చు. మూర్ఛలు రావచ్చు. తిన్నవారు జన్మలో మాంసం ముట్టనివారైనా సరే. ఇదంతా నాకు క్షుణ్ణంగా తెలుసు. తెలియక చేసిన తప్పయితే ఇంత రాయవలసిన పనే లేదు.

ఒకనాటి ఉదయం ఒక క్యాంటీన్ నుంచి ఎనిమిది డబ్బాలు వచ్చాయి. వాటిపై ఎనిమిది పేర్లు. మధ్యాహ్నం మూతలు తీశాను. ఎనిమిదింటిలోనూ ఒకే నలుపు. రక్తం తక్కువై ఐరన్ మాత్రలు వేసుకునేవారికి ఆ రంగు వస్తుంది. ఎనిమిది మందీ, అందులో ఐదుగురు మగవాళ్లు, ఒకేసారి ఐరన్ మాత్రలు వేసుకుంటారా? సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. ప్రతి గాజుపలక మీదా జామపండు గుజ్జులోని అవే గట్టి పలుకులు. డబ్బాలు ఎనిమిది. మనిషి ఒక్కరు.

సాయంత్రానికి నివేదిక ఇస్తానని మాట ఇచ్చి ఉన్నాను. నా కేంద్రం నుంచి నివేదిక ఒక్కనాడూ ఆలస్యం కాలేదు. అది నా గర్వం, నిజం చెప్పాలంటే నాకున్న ఏకైక గర్వం. మళ్లీ పంపమని చెప్పడానికి ఒక్క ఫోను చాలు. ఎందుకు చేయలేదు? ఎనిమిది పేర్ల ఎదురుగానూ పురుగులు గానీ గుడ్లు గానీ లేవని రాశాను. సంతకం చేసి తేదీ వేశాను. ఆ కాగితం మీద నిజమైనది ఆ తేదీ ఒక్కటే.

ఇక్కడితో ఆగి ఉంటే బహుశా మరచిపోయేవాణ్ని.

ఏడాది తర్వాత ఒక మనిషి వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"గుర్తువడ్తలేనా సార్? యాదమ్మను. క్యాంటీన్ల ఉల్లిగడ్డ, కీరా కోస్తుంటి."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. కూతురికి మూర్ఛలు వస్తున్నాయట. దవాఖానలో స్కానింగ్ తీసి, తలలో పురుగు తిత్తులున్నాయన్నారట. ఇంట్లోవాళ్లందరినీ పరీక్షిస్తే, బద్దెపురుగు యాదమ్మ కడుపులో దొరికిందట. మాత్రలతో ఆమె పురుగు పోయింది. కూతురి మూర్ఛలు పోలేదు.

"ఒక మాట చెప్పాలె సార్. తిట్టుర్రి, కొట్టుర్రి. ఆ దినం నా డబ్బల ఉన్నది నాది కాదు. పొద్దుగాల్నే నింపుమంటే యాడికెళ్లి నింపుతం? కడుపు మనం చెప్పినట్టు ఇంటదా? లచ్చక్క ఒక్కతే తెచ్చింది. 'గింత దానికి ఫికరెందుకే, అందరం పంచుకుందాం, సార్‌కు ఏం ఎర్కైతది' అన్నది. నవ్వుకుంట పంచుకున్నం సార్."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మిమ్మల్ని మోసం జేసిన. నాది నేనిస్తే మీరు అప్పుడే పట్టుకుంటుండె గద? నా బిడ్డకు గిట్ల కాకపోతుండె గద? నా చేత్తోనే కలిపి తినవెట్టిన దానికి."

నేను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. అవి శుభ్రంగానే ఉన్నాయి.

"అలా చేయకూడదమ్మా," అన్నాను. "పోనీలే. తెలియక చేశారు."

ఆమె రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. వెళ్లిపోయింది.

క్షమించాను! మోసపోనివాణ్ని, మోసపోయినవాడిలా కుర్చీలో కూర్చుని, అన్నీ తెలిసి సంతకం చేసిన అదే చేత్తో కళ్లద్దాలు తుడుచుకుంటూ, ఆమెను క్షమించాను. తన వంతు తప్పును దించుకోవాలని వచ్చిన మనిషి, నా వంతు కూడా మోసుకుని మెట్లు దిగింది. నాకూ తెలుసమ్మా అనడానికి ఎంతసేపు పడుతుంది?

తర్వాత చాలా లెక్కలు వేశాను. ఒక్కసారి చూస్తే గుడ్లు దొరకకపోవడం మామూలే. పురుగు ఆ పరీక్ష తర్వాత చేరి ఉండవచ్చు. కూతురికి తిత్తులు మరో చోటి నుంచి వచ్చి ఉండవచ్చు. అన్నీ సాధ్యమే. కానీ యాదమ్మ నా ముందు నిలబడ్డప్పుడు ఈ సాధ్యాల్లో ఒక్కటి కూడా నేనామెకు చెప్పలేదు. చెబితే, పరీక్ష గురించి మాట్లాడవలసి వచ్చేది. ఆ క్యాంటీన్‌లో ఆమె కోసిన ముక్కలు ఎందరు తిన్నారో, వారిలో ఎవరికేమైందో నాకు తెలియదు. నా దగ్గర అంకె లేని లెక్క అదొక్కటే.

కేంద్రం మూసేశాను. ఇప్పుడు నార్సింగిలో పద్నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉంటున్నాను. పచ్చి ఉల్లిపాయ ఇంట్లోకి రానివ్వను. మూసాపేటలో ఉంటానని ఆమె అప్పట్లో అన్నది గుర్తుండి, పోయిన నెల మెట్రో స్టేషన్‌లో దిగి, ఒక కిరాణా కొట్టులో అడిగాను.

"ఏ యాదమ్మ సార్? ఈ గల్లీలనే నలుగురున్నరు," అన్నాడు కొట్టతను.

బిడ్డకు మూర్ఛలు వచ్చే యాదమ్మ అని చెప్పాలి. వచ్చిన దారినే తిరిగి వచ్చేశాను.

ఇది ఆమె చదవదు. చదివినా క్షమించమని అడిగే అర్హత నాకు లేదు; క్షమించే మాటను ఒకసారి దుర్వినియోగం చేసినవాణ్ని. ఇంత రాశాక ఛాతీ మీద బరువు కొద్దిగా కదిలింది. అంతే.

సార్‌కు ఏం తెలుస్తుందని మీరంతా నవ్వుకున్నారు. ఆ మధ్యాహ్నమే నాకు తెలుసు, యాదమ్మా.