ఇద్దత్‌లో నేనెత్తిన పెళ్లిమాట

మాదాపూర్‌లో బండలు పేల్చి కంప్యూటర్ కంపెనీలకి మేడలు లేపుతున్న రోజులవి. మా ఆయన పోయాక ఆయన ఉద్యోగం నాకిచ్చారు. కాకినాడ నుంచి వచ్చి, ఆఫీసుకి దగ్గరని అక్కడే ఒక ముస్లిం కుటుంబం ఇంట్లో మేడమీద గది కిరాయికి తీసుకున్నాను. ఇంటావిడని వీధంతా ఖాలా అనేది, అంటే పిన్ని. నా గోదారి నోటికి అది ఖాలాగారు అయింది.

నేను చేరిన ఆరో ఏట ఖాలాగారి కొడుకు లారీ కింద పడి పోయాడు. కోడలికి ఇరవై నాలుగేళ్లుంటాయేమో, చంకలో పసిపిల్ల. ఆ అమ్మాయి గడప దాటడం మానేసింది. చేతులకి గాజుల్లేవు, ఒంటిమీద రంగుబట్టల్లేవు. చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది. నేను పడుతున్నది చాలదా, ఇంకొకత్తెని కూడా ఇందులోకి తొయ్యాలా?

మా ఆఫీసు జీపు డ్రైవరు వాళ్ల మతంవాడే. భార్య పోయింది, నెమ్మదస్తుడు. కదిపి చూస్తే, "పిల్లని కూడా నా బిడ్డలెక్క చూసుకుంటా. కానీ ఇద్దత్ అయినంక అడుగుదాం మేడమ్" అన్నాడు. ఇద్దత్ అంటే మన సంవత్సరీకం లాంటిదేదో తంతు అనుకున్నాను. శుభస్య శీఘ్రం కదా! ఆ సాయంత్రమే కిందికి దిగి, అత్తాకోడళ్లిద్దరూ ఉండగానే, "మా డ్రైవరుని చేసుకుంటావా అమ్మా?" అని అడిగేశాను.

ఆ అమ్మాయి మొహం కప్పుకుని లోపలికి పోయింది. ఖాలాగారు చెంపలు వాయించుకుంది.

"తోబా తోబా! ఇద్దత్ల ఉన్న పిల్లను గిట్ల మొఖం మీదనే అడుగుతవా?"

"అయితే బతుకంతా ఇలాగే కూర్చోబెడతారా?"

"గట్ల ఎవరన్నరు? మొగడు పోతే నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ల ఆగాలె. ఇంకా నలభై రోజులున్నయ్. అయినంక పెళ్లి నేనే చేస్త. జర ఆగు."

నాకు బుర్ర పనిచెయ్యలేదు. కొడుకు పోయిన తల్లి, కోడలికి పెళ్లి నేనే చేస్తానంటోంది! మా అత్తగారు నా మొహం చూడటమే మానేసింది. మరి ఇది ప్రేమా, వదిలించుకోవడమా? ఎటూ తేలలేదు. పైగా నా నోటిదురుసుతో ఆ పిల్లకి కుదిరే సంబంధం చెడగొట్టానేమోనని ఒకటే బెంగ. నలభై రోజులూ ఖాలాగారు నాతో ముక్తసరిగానే మాట్లాడింది. ఆ తర్వాత ఒకనాడు తనే మెట్లెక్కి వచ్చి, "గా డ్రైవర్ తరఫున సంబంధం మాట్లాడనీకి ఆయన చెల్లెను రమ్మను" అంది.

నిఖా రోజు అలవాటు కొద్దీ నేను తలుపు వెనక నిలబడితే, ఖాలాగారు చెయ్యి పట్టుకు లాక్కొచ్చి పెళ్లికూతురి పక్కన కూర్చోబెట్టింది. నిఖా జరిపించే పెద్దాయనొచ్చి ఇష్టమేనా అని అడిగాడు. ఆ అమ్మాయి పలకలేదు. మళ్లీ అడిగాడు.

"సిగ్గుపడుతోంది లెండి, ఒప్పుకున్నట్టే" అన్నాను ఖాలాగారి చెవిలో.

"మొదటి పెళ్లయితే ఊకున్నా నడుస్తది. ఈమె నోరు తెరిచి చెప్పాలె. వద్దనిపిస్తే వద్దనాలె."

అమ్మాయి తలెత్తి అత్తగారి వంక చూసింది. "కబూల్" అంది, అందరికీ వినపడేలా. ఖాలాగారు కొడుకుని తలుచుకుని గట్టిగా ఏడ్చేసింది. ఓదార్చాలో, సంతోషించాలో తెలియక నేను బిత్తరపోయి కూర్చున్నాను. ఆవిడ కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"నిన్ను ఎవరన్న మళ్ల పెళ్లికి అడిగిన్రా బిడ్డా, ఇన్నేండ్లల్ల?"

"లేదండి."

"అడిగితే ఏమంటవ్?"

నాకు తెలియదు. ఆ మాటైనా నోరు తెరిచి చెప్పలేకపోయాను.