మిల్లుకు బెల్టు లేని గంట

నా చిన్నప్పుడు మా ఇంట్లో గడియారం ఉన్నా, దాని మాట వినేవాళ్ళు ఎవరూ లేరు. అందరం పిండి మిల్లు మాటే వినేవాళ్ళం. కె.ఆర్.పురంలో పాత మద్రాసు రోడ్డు మీద నుంచి లోపలికి తిరిగే సందులో మా ఇల్లు. ముందు గదిలో మిల్లు, వెనక గదిలో మేము. నాన్నది ఫ్యాక్టరీలో షిఫ్టు పని. సైరన్ మోగితే వెళ్ళేవాడు, మోగితే వచ్చేవాడు. మిల్లు మాత్రం అమ్మది. పెట్టిందీ ఆమే, నడిపిందీ ఆమే, మోటారు మొరాయిస్తే దాన్ని నోరారా తిట్టిందీ ఆమే. వీధిలో ఆడవాళ్ళు ఆమెని చూసి, నీకేమమ్మా, సొంత పని, ఎప్పుడంటే అప్పుడు తెరుస్తావు, ఎప్పుడంటే అప్పుడు మూస్తావు అనేవాళ్ళు. అమ్మ నవ్వి ఊరుకునేది. తెరవడం ఆమె చేతిలోనే ఉండేది గానీ, మూయడం ఎవరి చేతిలో ఉండేదో ఆ దేవుడికే తెలియాలి.

ఎందుకంటే ఆ రోజుల్లో పిండి పట్టించుకోవడమంటే డబ్బా ఇచ్చేసి వెళ్ళిపోవడం కాదు. తమ రాగులు తమ కళ్ళ ముందే మిల్లులో పడాలి, తమ పిండే తమ డబ్బాలోకి రావాలి. ముందు పట్టించుకున్నావిడ జొన్నపిండి తమ దాంట్లో కలిసిందేమోనని అందరికీ అనుమానమే. కాబట్టి ప్రతి ఒక్కరూ దగ్గర నిలబడి పట్టించుకునేవారు. ముందు తలుపు మూసి ఉంటే వెనక నుంచి నేరుగా వంటింట్లోకి వచ్చేవారు. వచ్చేవాళ్ళంతా చుట్టాలు, చుట్టాలు కానివాళ్ళు వరసలు కలుపుకున్నవాళ్ళు. అక్కా, ఒక్క సేరే అంటారు. పిన్నీ, ఒక్క నిమిషమే అంటారు. అమ్మకి కాదనడం చేతకాదు. అన్నం ముద్ద ఆకులోనే వదిలేసి, ఎడమచేత్తో స్విచ్చి వేసి రావడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

నేను చిన్న క్లాసుల్లో ఉండగా, మిల్లులో పేర్చిన మూటలెక్కి కిందికి దూకే ఆటలో కుడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాను. పెద్దాసుపత్రిలో సిమెంటు కట్టు కట్టారు. కట్టు విప్పేసరికి ఎముక చక్కగా అతుక్కుంది, కానీ చెయ్యి చాపుకోవడం మానేసింది. మోచేతి దగ్గర వంగి అలాగే ఉండిపోయింది. బడిలో పిల్లలు నాకు కెటిల్ అని పేరు పెట్టారు, నా చెయ్యి టీ కెటిల్ పిడిలా ఉందని. పిల్లలు ఇలాంటి వాటిలో మహా ఘటికులు కదా. నేను ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చేదాన్ని.

డాక్టరు ముందే చెప్పాడు. బలవంతంగా ఎవరూ లాగకూడదు. వేడినీళ్ళ కాపడం పెట్టి, పాప తనంతట తానే మెల్లమెల్లగా చాపాలి, పక్కన ఎవరో ఒకరు కూర్చుని చేయించాలి, రోజూ ఒక గంట, ఒక్కరోజు కూడా మానకూడదు అని. నాకు పొద్దుటిపూట బడి. సాయంత్రం మిల్లు దగ్గర జాతర. అందుకని మధ్యాహ్నం అన్నాలయ్యాక అని అమ్మ అనుకుంది. అనుకోవడం వరకే. గిన్నెలో వేడినీళ్ళు పెట్టుకుని, తువ్వాలు తడిపి నా మోచేతి మీద వేస్తుండగానే వంటింటి వైపు నుంచి ఎవరో పిలిచేవారు. ఇప్పుడే వస్తానే అని అమ్మ లేచేది. ఒకరి వెనక ఒకరు. నీళ్ళు చల్లారిపోయేవి. నొప్పి తప్పిందని నేను లోలోపల సంతోషించి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయేదాన్ని. వారాలు గడిచిపోయాయి.

మళ్ళీ చూపించడానికి వెళ్ళిన రోజు నాకు బాగా గుర్తు. డాక్టరు నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి మొహం చిట్లించాడు. ఇంకొంత కాలం ఇలాగే వదిలేస్తే ఈ చెయ్యి ఇక ఇంతేనన్నాడు. అమ్మ నసుగుతూ, టైం దొరకలేదు సార్ అంది. ఏం పని చేస్తావని ఆయన కన్నడంలో అడిగాడు. సొంత మిల్లు అని చెప్పింది. సొంతమేనా, మరి టైం ఇవ్వనిది ఎవరు అన్నాడు. కోపంగా కూడా అనలేదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. బస్సులో దారి పొడుగునా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నాకు భయమేసింది, ఆకలేస్తోందని కూడా చెప్పలేదు.

మర్నాడు అమ్మ ఒక చెక్క మీద సుద్దతో మధ్యాహ్నం మిల్లు లేదని రాసి తగిలించింది. ఎవరికి కావాలి ఆ చెక్క? బోర్డులనేవి పరాయివాళ్ళ కోసం. మనవాళ్ళు దాన్ని చదివి, నవ్వుకుని, ఇంటి పక్క నుంచి చుట్టూ తిరిగి వంటింట్లోకే వచ్చారు. ఆ రోజూ నీళ్ళు చల్లారాయి. అమ్మ చాలాసేపు మిల్లు దగ్గర నిలబడి దాన్నే చూస్తూ ఉంది.

ఆ తర్వాతి రోజు అన్నాలు కాగానే ఆమె మోటారు ఆపి, చక్రాల మీద నుంచి బెల్టు ఊడదీసింది. మోటారు నుంచి మిల్లుకు తిరిగే ఆ బెల్టు లేకపోతే స్విచ్చి ఎన్నిసార్లు వేసినా మోటారు ఊరికే తిరుగుతుంది గానీ ఒక్క గింజ నలగదు. దాన్ని తెచ్చి వెనక గది కిటికీ ఊచకి తగిలించి, రెండో కొస నా కుడిచేతికి ఇచ్చింది. గట్టిగా పట్టుకుని మెల్లగా వెనక్కి వాలమంది. నా బరువుకి నా చెయ్యే కొంచెం కొంచెం సాగుతుంది. నొప్పెడితే వదలొచ్చు, మళ్ళీ పట్టుకోవాలి. తను పక్కనే పీట వేసుకుని కూర్చుంది. ఆ రోజు ఎవరో పిలిచారు. అమ్మ కూర్చున్నచోటి నుంచే, బెల్టు లేదు, గంటాగి రండి అంది. వాళ్ళు వెళ్ళిపోయారు. నాకు ఆశ్చర్యం. కాదనడం రాని మనిషి, కాదనకుండానే పని చక్కబెట్టింది.

అయితే అసలు పరీక్ష మా అత్త రూపంలో వచ్చింది. అత్తంటే నాన్నకి అక్క. నాన్నని పెంచి పెద్దచేసింది ఆవిడే. మా ఇంట్లో ఆవిడ మాటకి ఎదురుండేది కాదు. నాన్న కూడా ఆవిడ ముందు కుర్చీలో కూర్చునేవాడు కాదు. తన కూతురి నిశ్చితార్థానికి కజ్జాయాలు, అంటే అరిసెలు, చేయాలని, నానబెట్టి వార్చిన బియ్యం పెద్ద గంగాళం నిండా రిక్షాలో వేసుకుని, సరిగ్గా ఆ గంటలోనే దిగింది. తడిబియ్యం ఎక్కువసేపు ఆగదు, పులిసిపోతుంది. అది అందరికీ తెలిసిన సంగతే. అత్త నేరుగా లోపలికొచ్చి, నేను కిటికీకి వేళ్ళాడుతూ ఉండడం చూసి, ఆ కోతి వేషాలు తర్వాత, ముందు మిల్లు వెయ్యమంది.

అమ్మ లేచి నిలబడింది. "బెల్టు పాప చేతిలో ఉండాది వదినా. గంట కానీ, ఫస్టు మీ బియ్యమే పడతాను," అంది.

అత్త మొహం ఎర్రబడింది. నేనొచ్చినా గంటేనా అంది. బియ్యం పులిస్తే పదిమందిలో నా పరువేం కావాలని అడిగింది. ఆ గొంతు వినేసరికి నేను బెల్టు వదిలేసి, ఇదిగో అత్తా తీసుకో అన్నట్టు ఎడమచేత్తో చాపాను. నాకు ఆ నొప్పి నుంచి తప్పించుకోవాలని కూడా ఉంది, దాచుకోవడమెందుకు. అమ్మ ఆ బెల్టు నా ఎడమచేతిలోంచి తీసి, మళ్ళీ నా కుడిచేతి వేళ్ళ మధ్య పెట్టి, పిడికిలి మూసింది. అప్పుడు అత్త వైపు తిరిగి, గొంతు పెంచకుండా అంది:

"బియ్యం పులిస్తే మా ఇంటి బియ్యం నానేసి ఇస్తాను వదినా. ఈ చెయ్యి పోతే యాడ్నుంచి తెచ్చేది?"

అమ్మ గబగబా రెండు పాత చీరలు తెచ్చి, ముందు గదిలో నీడపట్టున పరిచి, ఆ తడిబియ్యం అంతా పల్చగా ఆరబోసింది. గాలి తగిలితే తొందరగా పులవదని ఆమెకి తెలుసు. తర్వాత వచ్చి మళ్ళీ నా పక్కన పీట మీద కూర్చుంది. అత్త గడపలో గోడకానుకుని, మమ్మల్ని కళ్ళతోనే నమిలేస్తూ ఉండిపోయింది. ఆ గంటంత పొడుగు గంటని నేను మళ్ళీ జీవితంలో చూడలేదు. గంట కాగానే అమ్మ బెల్టు తీసుకెళ్ళి ఎక్కించింది, వరసలో ఎవరున్నా ఆగమని, అత్త బియ్యం పట్టించి, జల్లించి కూడా ఇచ్చింది. అత్త గంగాళం ఎత్తించుకుని, వెళ్ళొస్తానని కూడా అనకుండా వెళ్ళిపోయింది. కజ్జాయాలు బాగానే వచ్చాయి. నేను తిన్నాను కాబట్టి చెప్పగలను.

ఆ నిశ్చితార్థంలో అత్త వచ్చినవాళ్ళందరికీ మా అమ్మ పొగరు గురించి చెప్పింది. మహారాజు వచ్చినా మా మరదలు మధ్యాహ్నం మిల్లు వెయ్యదమ్మా అని ఊరంతా చాటింది. దాంతో అమ్మకి బోర్డు అవసరమే లేకుండా పోయింది. సొంత వదినకే వెయ్యనిది మనకేం వేస్తుందని, జనం ఆ వేళకి రావడం మానేశారు. కొందరు డబ్బా పెట్టేసి సాయంత్రం వచ్చి తీసుకోవడం మొదలుపెట్టారు. ఒకరి పిండి ఒకరిలో కలవదని నమ్మకం కుదరడానికి కొన్నాళ్ళు పట్టింది, కుదిరాక మాత్రం అమ్మకి పెద్ద ఊరట. హోటలు వాళ్ళ పిండి తెల్లవారగానే పట్టేసేది. మిరపకాయలకి వారంలో ఒక సాయంత్రం కేటాయించింది, ఆ ఘాటు పోవడానికి మిల్లు కడుక్కోవాలి కదా. నా గంట కూడా శిలాశాసనం కాదు. కరెంటు పోయిన రోజు ముందుకొచ్చేది, పెళ్ళిళ్ళ కాలంలో వెనక్కి జరిగేది. ఒక్కటే కట్టడి. ఇవాళ అది ఎప్పుడన్నది అమ్మ పొద్దున్నే చెప్పేసేది. జరపాలంటే పొద్దున్నే నేను జరపాలి, మధ్యాహ్నం గడపలో నిలబడినోళ్ళు జరపకూడదు అనేది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. బెళ్ళందూరులో అపార్ట్‌మెంట్ల మధ్య చిన్న టైలరింగ్ షాపు నాది. ఆఫీసు అమ్మాయిలు పొద్దున ఒకరు, మీటింగు మధ్యలో ఒకరు, ఆంటీ అర్జెంట్ అంటూ వాట్సాప్‌లో ఒకరు. ఎంత అర్జెంటో పాపం, ఆరు నెలల ముందు కుదిరిన పెళ్ళికి రేపటికి బ్లౌజు కావాలి. అందరినీ సర్దుకుంటాను. పొద్దున్నే తెరవమంటే తెరుస్తాను, ఆదివారం కుట్టమంటే కుడతాను. కానీ రోజులో ఒక గంట నాది. ఆ గంటలో ఏం చేస్తావని అడుగుతారు. ఒకప్పుడు పిల్లల చదువు చూసుకున్నాను. మా ఆయనకి కళ్ళ ఆపరేషన్ అయినప్పుడు మందు చుక్కలు వేశాను. ఇప్పుడు ఏమీ చెయ్యను, కాళ్ళు చాపుకుని కూర్చుంటాను. దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వను.

నా చెయ్యి బాగానే చాపుకుంది. ఈ చేత్తోనే ఇన్నేళ్ళు కత్తెర పట్టాను. కానీ పూర్తిగా కాదు. పరీక్షగా చూస్తే మోచేతి దగ్గర కొంచెం వంపు ఉండిపోయింది. ఎవరికీ తెలియదు, అమ్మకి తప్ప. నేను షాపు పెట్టిన రోజు ఆమె వచ్చింది. నేను చెయ్యెత్తి షట్టరు లాగుతుంటే చూసి, దగ్గరికొచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. బెల్టు తియ్యకముందు గడిచిపోయిన ఆ వారాల్ని ఆమె మర్చిపోలేదు.

"ఈ కొంచెము నేను పిండికి ఇచ్చేస్తినే," అంది. "నీ గంట నువ్వు ఎవురికీ ఇయ్యొద్దు."

ఇయ్యలేదు.