గొంగడి తొడిగిన కుర్చీ కాళ్లు

మొన్న రాయచూరులో మా కూతురి ఇంట్లో ఉండగా ఒక చిన్న పొట్లం వచ్చింది. విప్పితే గుండ్రటి ఉన్ని బిళ్లలు, వాటి వెనక జిగురు. కుర్చీల కాళ్లకు అంటిస్తే నేల మీద గీతలు పడవట. కూతురు ఒక్కో కుర్చీనీ బోర్లించి ముచ్చటగా అంటిస్తుంటే నేను చూడలేక లేచి వరండాలోకి వచ్చి కూర్చున్నాను. ఎందుకు లేచానో దానికి చెప్పలేదు. మీకు చెబుతాను.

కాలువ నీళ్లు పారిన కొత్తలో చంద్రబండ నుంచి సిరవార పక్క పల్లెకు కోడలినై వెళ్లాను. జొన్న తప్ప ఎరగని చేలలో వరి పండి, చేతిలో నాలుగు రూపాయలు ఆడేసరికి మా మామ పాత మట్టి ఇల్లు విప్పించి కొత్తది కట్టించాడు. గోడలెట్లా ఉండాలి, వాకిలి ఎటు ఉండాలి అన్నవాటిలో మా అత్త తలదూర్చలేదు. ఆమె అడిగింది ఒక్కటే, నడింట్లో ఎర్ర సిమెంటు గచ్చు. మట్టిళ్లలో పెరిగిన ఆడవాళ్లకు ఆ కోరికేమిటో విప్పి చెప్పనక్కర్లేదు. తెల్లారకముందే పేడ కలిపి, మోకాళ్ల మీద వంగి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అరచేత్తో అలుకుతూ వెనక్కి జరగాలి, ఆరేలోగా కోడి తొక్కిందా మళ్లీ మొదటికే. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆమె చేసిన చాకిరీ అది. ఎండల్లో అరచేతులు బీటలు వారేవి, వానల్లో వేళ్ల సందులు ఒరుసుకుపోయేవి. గచ్చు ఆరి, ఇంట్లో దిగిన రోజున ఆమె చాప కూడా పరుచుకోకుండా వట్టి నేల మీద చెంప ఆనించి పడుకోవడం నేను చూశాను.

కుర్చీలు తరవాత వచ్చాయి. కాలువ పనులు చూసిన ఇంజనీరు ఒకాయన బదిలీ మీద వెళుతూ అమ్మేస్తే మామ బండి మీద వేయించుకొచ్చాడు. టేకువి, ఒక్కోటి దూడంత బరువు, కాళ్ల అడుగున ఇనుప బిళ్లలు. మామ దర్జాగా ఒకదాన్ని ఈడ్చుకుని కూర్చున్నాడు, గచ్చు మీద జానెడు తెల్లటి గీత పడింది. అత్త అరవలేదు, ఏడవలేదు. తాను చలికి కప్పుకునే గొంగడి తెచ్చి కత్తెర పెట్టింది. ముక్కలు మడతలు మడతలుగా వేసి, ప్రతి కాలికీ సంచిలా కుట్టి, పురికొసతో బిగించింది. అంతటితో ఊరుకుందా అంటే లేదు, కుర్చీ జరపాలంటే ఎత్తే జరపాలని ఇంటిల్లిపాదికీ ఆజ్ఞ. ఎవరొచ్చినా ఆమె చూపు మొహం మీద కాక కుర్చీ కాళ్ల మీదే ఉండేది.

“ఎత్తి పెట్టు బిడ్డా, గుంజకు! గచ్చు గీరుకపోతది,” అనే మాట వినని చుట్టం లేడు. కుర్చీలకు చెప్పులు తొడిగి, మనుషుల చెప్పులేమో గడప బయట విడిపిస్తారని కవితాళ సంతలో కూడా మా ఇంటి మీద పరాచికాలాడేవారు. ఆమె కూడా నవ్వేదే గాని ముడి మాత్రం వదులు చేసేది కాదు.

ఒక చలికాలం పొద్దున పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. నడింట్లో మంచం వేసి, పక్కన ఒక కుర్చీ వేసి దాని మీద నీళ్ల చెంబు పెట్టాము. ఇక ఆమె మమ్మల్ని పిలవడమెట్లా అన్నదే మా బెంగ. గంట ఇచ్చాము. ఎడమ చేతి పట్టు చాలక అది జారి పడి గచ్చు మీద చిన్న పెచ్చు లేచింది, ఆ తరవాత గంట ఇస్తే పిడికిలి విప్పలేదు. కాస్త సత్తువ వచ్చాక మంచం మీంచే కుర్చీని నెట్టడం మొదలుపెట్టింది. ఎదురుగా ఉంటే చూసి వెళ్లేవాళ్లం. వంటింట్లో ఉంటే ఏం తెలుస్తుంది? గొంగడి మీద కుర్చీ పిల్లి నడిచినట్టు జరిగేది.

నేను చూడలేక ఒకనాడు ఆ ఒక్క కుర్చీకి గొంగడి విప్పేశాను. మధ్యాహ్నం కర్రుమని చప్పుడు వినబడితే పరుగెత్తాను, పిలిచింది గదా అని సంతోషం కూడా కలిగింది. తీరా చూస్తే ఆమె నీళ్ల వంక చూడటం లేదు. గచ్చు మీద కొత్త గీతను చూస్తూ, వంకర పోయిన నోటితో ఏడుస్తోంది. ఎడమ చేత్తో నా కొంగు పట్టుకుని కుర్చీ కాళ్లకేసి చూపించింది, మళ్లీ తొడిగేదాకా ముద్ద మింగలేదు. మామతో చెప్పుకున్నాను.

“నోరు పడిపోయినా దాని మాటే నడుస్తది బిడ్డా. ఏం జేస్తం, కట్టెయ్,” అన్నాడు. కట్టాను. ఆ కట్టడం నా తప్పని నేనెన్నడూ అనుకోలేదు, కాని ఇక ఆమె పిలుపు నాకు వినబడదని తెలిసే కట్టాను.

వరి కోతలప్పుడు మగవాళ్లంతా పొలంలో ఉన్నారు. నేను పెరట్లో బట్టలు ఉతుకుతున్నాను, నడింటికీ నాకూ మధ్య ఒక్క గోడ. బట్టలు ఆరేసి లోపలికి వస్తే ఆమె నడుము దాకా మంచం మీంచి జారి ఉంది, కుర్చీ ఆమె చెయ్యి అందనంత దూరం జరిగి ఉంది. ఎన్ని మార్లు నెట్టిందో, ఎంతసేపు నెట్టిందో ఆ దేవుడికే ఎరుక. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది, ఊపిరి లేదు. కుర్చీ జరిగిన దారి పొడుగునా వెతికాను. గచ్చు మీద గీత లేదు.

దినాలయ్యాక మామ ఒక్కడే ఆ కుర్చీ ముందు గొంతుక్కూర్చుని పురికొసలు తెంపి గొంగడి ముక్కలు పీకి పారేశాడు. కసి కొద్దీ దాని వీపు పట్టుకుని ఈడ్వబోయి, ఎందుకో ఆగిపోయాడు. రెండు చేతులతో ఎత్తి, గోడ వారన మెల్లగా దించి, అక్కడే గోడకు తల ఆనించి పసివాడిలా ఏడ్చాడు. ఆయన ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు ఆ ఇంట్లో మా మరిది కొడుకులు ఉంటున్నారు. గచ్చు మీదే మెరిసే టైల్స్ పరిపించారు, పాతబడితే వాటినీ మారుస్తారట. మంచిదే, నేల కోసం ఎవరి చేతులూ పగలనక్కర్లేదు, నేల మీద ఎవరికీ అంత ప్రేమా లేదు. ఈ సంగతి ఎప్పుడైనా చెబితే పిల్లలు ప్రాణం కంటే గచ్చు ఎక్కువా అని విసుక్కుంటారు. నాలో నేను ఆమెతో ఎన్నోసార్లు పోట్లాడాను, అత్తా, ఒక్క గీత పడితే ఏమయ్యేది, నేను గోడ అవతలే ఉంటిని గదా అని. మాట ఉన్నా ఆమె జవాబు చెప్పి ఉండేది కాదేమో. ఆ బీటలు వారిన అరచేతులు నాకు చూపించి ఊరుకునేది.