నాలుగు వందల ఏళ్ళ కత్తికి నేను పెట్టిన బొట్టు

కువైట్‌లో ఒక పెద్ద చదువులామెను కాసేపు పూర్తిగా తప్పుదారి పట్టించిన ఘనత నాది. అబద్ధం చెప్పి కాదు, చిటికెడు కుంకుమతో. ఎలాగో చెబుతాను, మీరు తీరిగ్గా నవ్వుకోండి. పోవలసిన పరువు ఆ రోజే పోయింది కాబట్టి కొత్తగా నాకొచ్చే నష్టమేమీ లేదు.

తొంభైల చివరి మాట. మాది రాయచోటి దగ్గర పల్లె. కువైట్‌లోని వఫ్రాలో దోసకాయల తోటలో పని. వెళ్ళి మూడేళ్ళయినా సెలవు దొరకలేదు, నేను వెళ్ళాక పుట్టిన కూతుర్ని ఫొటోలోనే చూశాను. మా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, డెబ్బై ఏళ్ళ పెద్దాయన, ఆయన్ను అందరం బాబా అనేవాళ్ళం.

ఒకరోజు నీళ్ళ పైపు కోసం కాలువ తవ్వుతుంటే పారకు ఏదో తగిలింది. మట్టి దులిపితే కత్తి. ఇనుము తుప్పుపట్టి సగం రాలిపోయింది కానీ, ఎముకతో చేసిన పిడి నిలిచే ఉంది. దాని మీద సన్నని తీగ, తీగకు ఆకులు, ప్రతి ఆకుకూ ఈనెలు. గోరంత చోటులో అన్ని గీతలు ఏ చెయ్యి గీసిందో అని నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

"ఏందిరా అది?" అన్నాడు నా గదిలోనే ఉండే ఓబులేసన్న.

"కత్తిన్నా. సూడు, ఎంత సక్కగా సెక్కినారో."

"తుప్పు ముక్క. పారెయ్, సెయ్యి కోసుకునేవు."

పారెయ్యలేదు. గదిలో దేవుడి పటం పక్కన, ఊరగాయ సీసాకు ఆనించి పెట్టాను. వారానికి దసరా వచ్చింది. పారలు, కొడవళ్ళు, మోటారు, ట్రాక్టర్ అన్నీ కడిగి తలా ఒక బొట్టు పెట్టాం. అందమైనది కదా అని కత్తి పిడికి మాత్రం కుంకుమ తడిపి ఆ చివర నుంచి ఈ చివరికి దట్టంగా పట్టించాను.

"పెండ్లికూతుర్ని సేసినావు గదరా దాన్ని," అన్నాడు ఓబులేసన్న.

కొన్నాళ్ళకు కారుతున్న ఏసీ చూడ్డానికి బాబా మా గదికి వచ్చాడు. కత్తిని రెండు చేతుల్లోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"ఇది మా తాతల తాతలకంటే పాతది. అధికారులకు అప్పగిద్దాం," అన్నాడు. "గొప్ప వస్తువని తేలితే నీకు రెండు నెలల సెలవు, టికెట్ నాది."

మర్నాడే పాత వస్తువుల కార్యాలయానికి వెళ్ళాం. చేతులకు తొడుగులు వేసుకున్న ఒక మేడమ్ కత్తిని తెల్లగుడ్డ మీద, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు ఉంచింది.

"నాలుగు వందల ఏళ్ళ నాటిది కావచ్చు," అంది. నాకు ఊరగాయ సీసా గుర్తొచ్చి ఒకడుగు వెనక్కి వేశాను. అంతలో ఆమె భూతద్దం ఒకచోట ఆగింది. "గీతల్లో ఎర్రరంగు. ఇలా రంగు మిగిలిన పిడి నేనింతవరకు చూడలేదు."

ఇంకో ఇద్దరిని పిలిచింది. ముగ్గురూ గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. బాబా నావైపు గర్వంగా చూసి రెండు వేళ్ళు చూపించాడు. రెండు నెలలు. ఆమె రాయడానికి కలం తీసింది.

నా పరిస్థితి ఆలోచించండి. నోరు మూసుకుంటే కూతురు, తెరిస్తే మళ్ళీ దోసకాయలు. మీ దగ్గర దాచడమెందుకు, మూసుకుందామనే అనుకున్నాను. కానీ ఆమె, "దొరికింది నీకే కదా, నువ్వూ చూడు," అంటూ భూతద్దం చేతికిచ్చింది.

చూశాను. ఈనెల పక్కన ఇంకా సన్నని ఈనెలు ఉన్నాయి, మామూలు కంటికి కనపడనివి. ఎవరూ చూడరని తెలిసీ చెక్కాడు ఆ మహానుభావుడు. ఒక్క గీతలోనూ మోసం చెయ్యలేదు. ఆయన పని మీద నా కుంకుమ చూసి సిగ్గేసింది.

"మేడమ్, ఆ రంగు నాదే," అన్నాను, వచ్చీరాని అరబ్బీలో. "పండగనాడు పెట్టినా."

మేడమ్ కలం ఆగిపోయింది. బాబా నావైపు తిరిగి అడిగాడు, "కత్తికి పూజ చేశావా?"

"అన్నిటికీ బాబా. అన్నం పెట్టే పనిముట్లు గదా. ఆ పొద్దు కడిగి, బొట్టు పెట్టి, పని సెప్పకుండా వదిలేస్తాం."

"నా ట్రాక్టర్‌కు కూడానా?"

"పెట్టినా."

"అందుకేనా ఈ మధ్య మెకానిక్ మొహం చూడలేదు."

మేడమ్ నవ్వి, కళ్ళు తుడుచుకుని రాసింది. రాసింది చదివి వినిపించింది కూడా: 'ఎరుపు ఇటీవలిది. దొరికిన మనిషి గౌరవంతో పెట్టినది.'

కారులో తిరిగి వస్తున్నాం. సెలవు ఖలాస్, ఇక లేనట్టే అనుకున్నాను. వఫ్రా మలుపు దగ్గర బాబా నావైపు తిరిగాడు.

"పనిముట్లకు ఏడాదికి ఒకరోజు విశ్రాంతి అన్నావు కదా?"

"అవ్ బాబా."

"నీకు మూడేళ్ళయింది. టికెట్ ఎప్పటికి తియ్యమంటావు?"

నాకు ఏడుపు ఆగలేదు.

ఊరికి వచ్చే విమానంలో సీటుబెల్టు సాక్షిగా ఒక శపథం చేశాను: నాకంటే వయసులో పెద్దదైన ఏ వస్తువుకూ ఈ జన్మలో బొట్టు పెట్టను, దూరం నుంచే దండం పెడతాను. ఇప్పటికీ తప్పలేదు. ఒక దసరాకు మా ఆవిడ రోకలికి కుంకుమ పెట్టబోతే అడ్డం పడి, "ముందు దాని వయసెంతో కనుక్కో," అన్నాను.

నా కూతురు లోపలికి వెళ్ళి భూతద్దం తెచ్చింది.