ఖంగుమేస్త్రి ఆదివారం పరీక్ష

పింగాణీ ఫ్యాక్టరీలో ఆఖరి బల్ల దగ్గర కూర్చునే ఆయన్ని అందరూ ఖంగుమేస్త్రి అనేవారు. బట్టీలో కాలి వచ్చిన ప్రతి పళ్ళేన్నీ వేళ్ళ మీద నిలబెట్టి, బెత్తెడు కర్రపుల్లతో అంచు మీద తట్టి వినడం ఆయన ఉద్యోగం. మంచి పళ్ళెం ఖంగుమంటుంది. దాని అడుగున నీలం ముద్ర వేసి కుడివైపు పెడతాడు. కంటికి కనపడని పగులున్నది మొద్దుగా చప్పుడు చేస్తుంది. అది ఓటిది, ఎడమవైపు గంపలోకి పోతుంది. మంచిదాని గురించి ఎవరూ ఏమీ రాయక్కర్లేదు, ఓటిదాని గురించి మాత్రం పుస్తకంలో రాయాలి. ఇరవయ్యారేళ్ళుగా అదే పని కావడంతో ఆ అలవాటు ఆయనతోపాటు ఇంటికి కూడా వచ్చేది.

ఇంట్లో కోడిగుడ్డుకు ఈకలు పీకేవాడు. దుప్పటి మడత ఒక పక్క వేలెడు ఎక్కువైందని కనిపెట్టేవాడు. తలుపు గడియ వేసిన తీరులో నిర్లక్ష్యం ఉందనేవాడు. భార్య చేసిన వంట బాగున్నరోజున ఆయన ఏమీ అనేవాడు కాదు. అలాంటి రోజుల్ని ఆవిడ పండగలా లెక్కేసుకునేది.

ఈమధ్య ఏడాదిగా ఆయనకు కొత్త బాధ ఒకటి పట్టుకుంది. ఇంట్లో అందరూ అరుస్తున్నారు. పక్కనే కూర్చున్న భార్య వీధి చివరి మనిషిని పిలుస్తున్నట్టు పిలుస్తుంది. ఇక అత్తగారి గొంతు వింటే గోడలు బీటలు వారేలా ఉంది. ఆయన బాగా ఆలోచించి కారణం కనిపెట్టాడు.

"మీ అమ్మకి చెముడు వచ్చింది. చెవిటివాళ్ళు ఎదుటివాళ్ళకి కూడా వినపడదనుకుంటారు. అందుకే ఆ కేకలు" అన్నాడు భార్యతో.

భార్య ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసి, "అంతే అయ్యుంటుందిలెండి" అంది, గట్టిగా.

అప్పట్నుంచి ఆయన అత్తగారితో జాలిగా, పదం పదం విడదీసి, తనూ అరిచి మాట్లాడడం మొదలుపెట్టాడు. డెబ్బై రెండేళ్ళ ఆ ముసలావిడ చీమ నడిచినా వినగలదు. అయినా కాదనకుండా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏం నాయనా" అంటూ చెముడు ఒప్పేసుకుంది. అల్లుడి జాలి మాత్రం ఆవిడ తలనొప్పిని రెట్టింపు చేసింది.

అదే ఫ్యాక్టరీలో బట్టీ చూసుకునేవాడు స్వయానా ఆయన బావమరిది. నోట్లో నాలుక లేని మనిషి. మేడ మీద గదిలో ఉంటూ వీళ్ళింట్లోనే తింటాడు. అతన్ని పనిలో పెట్టించింది ఖంగుమేస్త్రే. ఆ సంగతి వారానికోసారైనా గుర్తుచేయకపోతే అతను మర్చిపోతాడేమోనని ఆయనకు బెంగ. ఈ ఏడాది ఎడమ గంప తొందరగా నిండుతోంది. పదింట ఒకటి పోయేచోట మొదట్లో నాలుగు పోయేవి, ఇప్పుడు తొమ్మిది పోతున్నాయి. తప్పు బట్టీది కాక ఇంకెవరిది?

"అడిగితే మంట సరిగ్గానే ఉందంటాడు, మట్టి సరిగ్గానే ఉందంటాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఎప్పుడూ ఏదో ఒక సాకు" అనేవాడు ఖంగుమేస్త్రి. నిజానికి బావమరిది ఏ సాకూ చెప్పేవాడు కాదు. తల వంచుకుని వినేవాడు.

శనివారం సాయంత్రం మేనేజరు స్వయంగా బల్ల దగ్గరికి వచ్చాడు. "ఇలా అయితే లాభం లేదు మేస్త్రీ. ఏడాదిగా బట్టీ ఎలా పాడైందో ఒక కాగితం రాసివ్వు. సోమవారం అది చూసి అతన్ని పంపించేస్తాను" అన్నాడు.

సొంత బావమరిది మీద రాయాలంటే ఖంగుమేస్త్రికి గుండె కొంచెం కలుక్కుమంది. అయితే ఆ బాధ వెనకాలే, బంధువని చూడకుండా న్యాయంగా నడుచుకుంటున్నానన్న గర్వం వచ్చి, బాధని పక్కకు నెట్టి కూర్చుంది. ఆదివారం పొద్దున్నంతా కూర్చుని రెండు పేజీలు రాశాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాడు. ఎవరి మీద రాశాడో అతను కూడా ఎదురుగానే ఉన్నాడు.

చదవడం అయ్యాక అందరూ బావమరిదివైపు చూశారు. అతనే గొంతు పెంచి, "బాగా రాశావు బావా" అన్నాడు.

భార్య లేచింది. ఏడాదిగా ఆవిడకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒకవైపు మొగుడి కుర్చీ, ఇంకోవైపు తమ్ముడి తిండి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరుకుంటూ వచ్చింది. ఇక ఊరుకుంటే తమ్ముడు రేపటికి రోడ్డు మీద ఉంటాడు.

"ఇంత రాశారు కదా, మీరు ఓటివి ఎలా పట్టుకుంటారో నాకూ ఒకసారి చూపించండి. అటు తిరిగి కూర్చోండి. నేను తడతాను, మీరు చెప్పండి" అంది.

పనితనం చూపించమంటే ఖంగుమేస్త్రి కాదనే మనిషి కాదు. జేబులోంచి పుల్ల తీసి ఇచ్చి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆవిడ అలమరలోంచి ఆరు పళ్ళాలు తెచ్చి, మొదటిది తట్టింది.

"ఓటిది" అన్నాడు.

రెండోది. "ఓటిదే. మీ తమ్ముడి చలవ."

మూడు, నాలుగు, ఐదు, అన్నీ ఓటివే. ఆరోది పట్టుకుని ఆవిడ నాలుగడుగులు దూరం జరిగి ఆయన ఎడమవైపు నిలబడింది. ఆయన కాసేపు చూసి విసుక్కున్నాడు. "కొట్టవేం?"

"మూడుసార్లు కొట్టిందయ్యా" అని కేకేసింది వాకిట్లోకి వెళ్ళి కూర్చున్న అత్తగారు. "ఇక్కడున్న చెవిటిదానికే వినపడింది."

ఆయన ఇటు తిరిగాడు. భార్య ఆరు పళ్ళాలూ బోర్లించి వరసగా పెట్టింది. ఆరింటి అడుగునా నీలం ముద్ర ఉంది. పెళ్ళయిన కొత్తలో ఆయనే తట్టి చూసి, ఆయనే ముద్ర వేసి, చుట్టాలొస్తే వాడదామని కొనుక్కొచ్చిన పళ్ళాలవి. ఇన్నేళ్ళలో ఒక్కటి కూడా చిట్లలేదు.

"ఇదివరకు మీరు గంపలోంచి ఇంటికి తెచ్చే ఓటి పళ్ళాలు నాలుగుసార్లు వేణ్ణీళ్ళు పడితే పగిలేవి. ఏడాదిగా తెచ్చినవి ఒక్కటీ పగల్లేదు. కడిగేటప్పుడు గంటల్లా మోగుతున్నాయి. అలమరలో చోటు చాలక మంచం కింద పెట్టాను" అంది భార్య.

ఆయన పుల్ల తీసుకుని, పళ్ళేన్ని చెవికి ఆనించి తట్టాడు. చెవి మార్చి మళ్ళీ తట్టాడు. ముద్ర తనది, పళ్ళెం మంచిది, చప్పుడు మాత్రం మొద్దుగానే ఉంది. బట్టీకి గాలి కొట్టే యంత్రాల హోరులో ఇరవయ్యారేళ్ళు కూర్చున్న చెవిలోంచి ఆ సన్నటి ఖంగు ఎప్పుడు లేచి వెళ్ళిపోయిందో ఆయనకి తెలియనే లేదు.

"మీకందరికీ ఎప్పట్నుంచి తెలుసు?"

"నిరుడు వానలకి ముందునుంచి."

"మరి నాకు చెప్పలేదేం?"

"రెండుసార్లు చెప్పాను. సణగొద్దన్నారు."

ఆయన బావమరిదివైపు తిరిగాడు. "నీకూ తెలుసా?"

అతను తలూపాడు.

"తెలిసి, నేను రాసింది విని, బాగుందన్నావా?"

"బట్టీ పని నాకు ఇంకోచోట దొరుకుతుంది బావా" అన్నాడతను, ఒక్కో మాటా వినపడేలా. "నీ కుర్చీ పోతే నీకు ఇంకో కుర్చీ దొరకదు. పైగా నువ్వు పొద్దస్తమానం ఇంట్లో ఉంటే వీళ్ళిద్దరూ ఏమైపోతారు?"

అత్తగారు నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఖంగుమేస్త్రికి నవ్వు రాలేదు. తల తీసేసినట్టయింది. ఏడాదిగా ఎవరు ఆయన కుడిచెవివైపే కూర్చుంటున్నారో, వాకిట్లో గంట మోగితే ఆయన కంటే ముందు ఎవరు లేస్తున్నారో, ఎవరు గొంతు చించుకుని చెవిటిపేరు మోస్తున్నారో, అన్నీ ఒక్కొక్కటే తోచాయి. ఇంట్లో ఇన్ని లోపాలు వెతికి పట్టుకున్న మనిషికి ఇంత ప్రేమ కంటపడలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి కనపడకుండా ఆ రెండు పేజీలూ ముఖానికి అడ్డం పెట్టుకుని, మళ్ళీ చదువుతున్నట్టు నటించాడు. తలకిందులుగా పట్టుకున్నాడని అందరూ చూశారు. ఎవరూ చెప్పలేదు.

సోమవారం మేనేజరుకి ఆయన వేరే కాగితం ఇచ్చాడు. అందులో నాలుగే వాక్యాలున్నాయి. మేనేజరు రెండుసార్లు చదివి, "ఇది నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదా" అన్నాడు. ఖంగుమేస్త్రి ముందుకు వంగి, "ఏమన్నారు?" అన్నాడు. దాంతో మేనేజరుకి ఇంకే రుజువూ అక్కర్లేకపోయింది. బట్టీ బావమరిదికే ఉంది. ఆఖరి బల్ల వేరే మనిషికి ఇచ్చారు. ఖంగుమేస్త్రిని పెట్టెల్లో గడ్డి పరిచి పళ్ళాలు సర్దే చోట వేశారు. అక్కడ వినాల్సిందేమీ లేదు. పేరు మాత్రం ఎవరూ మార్చలేదు. మార్చి ఉంటే బాగుండునని ఆయనకు అనిపించింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఏదో ఒకటి చెప్పాలని ఆయన దారంతా అనుకుంటూ వచ్చాడు. ఇరవయ్యారేళ్ళుగా ఓటివాటి గురించే రాసిన చెయ్యి, మాట్లాడిన నోరు. మంచిమాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. మెతుకులు కెలుకుతూ, "మీరందరూ నాకు..." అని ఆగిపోయాడు.

బావమరిది తల వంచుకునే ఏదో అన్నాడు.

ఖంగుమేస్త్రి తలెత్తి అతనివైపు చూశాడు. క్షమించానన్నాడేమో. అలాంటి మాట విననట్టు ఊరుకోవడం మర్యాద కాదు. పీట జరుపుకుని, కుడిచెవి అతనివైపు పెట్టి, జీవితంలో మొదటిసారి ఇంట్లో ఆ మాట అడిగాడు. "నాకు వినపడలేదురా. ఇంకోసారి చెప్పు."

ముగ్గురూ ఒక్కసారిగా, వీధి చివరిదాకా వినపడేలా చెప్పారు.

"అన్నం చల్లారిపోతోంది, తినమని!"